నవంబర్ 23, డాక్టర్ హూ పుట్టినరోజు: పండక్కి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు?

నీలిపెట్టె (హైదరాబాద్), 2025 నవంబర్ 23, ఆదివారం మధ్యాహ్నం 2:14

ఈరోజుతో బీబీసీ వాళ్ల సైన్స్ ఫిక్షన్ సీరియల్ డాక్టర్ హూకి 62 ఏళ్లు నిండాయి. 1963 నవంబర్ 23, శనివారం సాయంత్రం ఐదుంపావు దాటాక బీబీసీలో మొదటి ఎపిసోడ్ వచ్చింది. 1989 నుంచి 2005 దాకా, 1996లో వచ్చిన ఒక్క టీవీ సినిమా తప్పిస్తే, మూలన పడి ఉంది. అయినా ఇన్నేళ్లకి కూడా దాని గురించి మనం ఇక్కడ కొట్టుకుంటూనే ఉన్నాం.

ప్రతి ఏడూ ఈ రోజున "మీకు ఏ డాక్టర్ ఇష్టం" అని ఒక థ్రెడ్ మొదలవుతుంది. నాలుగో పోస్టుకల్లా పదో డాక్టర్ టెన్నంట్ వర్గం, పదకొండో డాక్టర్ మ్యాట్ స్మిత్ వర్గం అని చీలిపోతాం. ఈసారి అది వద్దు. వాళ్లు పదేళ్లకోసారి పాత డాక్టర్లని పిలిచి పండగ చేస్తారు కదా, వాటి గురించి మాట్లాడుకుందాం. నాకైతే ప్రతి పండగలోనూ వచ్చినవాళ్లకంటే రానివాళ్లే ఎక్కువ గుర్తుండిపోతారు. మీకెలా ఉంది?

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. హీరో చూడ్డానికి మనిషిలా ఉంటాడు కానీ వేరే గ్రహం వాడు. పేరు డాక్టర్, అంతే. బండి పేరు టార్డిస్. బయటినుంచి చూస్తే లండన్ వీధుల్లో ఒకప్పుడు ఉండే నీలిరంగు పోలీసు పెట్టె, లోపలికెళ్తే కల్యాణమండపమంత జాగా. కాలంలో వెనక్కీ ముందుకీ తిరుగుతుంది. ప్రాణం మీదికొస్తే డాక్టర్ చావడు, ఒళ్లు మారిపోతుంది. అంటే నటుడు మారతాడు, కథ ఆగదు.

గుంటూరుఘాటు, 2:31

ఏ డాక్టరండీ? ఎంబీబీఎస్సా, ఆర్‌ఎంపీనా? 62 ఏళ్లుగా పేరు చెప్పకుండా ఊరూరా తిరుగుతున్నాడంటే ఆర్‌ఎంపీయే అయ్యుంటాడు.

సరే, సీరియస్‌గానే అడుగుతున్నా. హీరో మొహం మారిపోతే జనం ఎలా ఒప్పుకున్నారు? మా ఇంట్లో ఒక సీరియల్‌లో కోడలి పాత్రకి కొత్త అమ్మాయిని పెడితే మా అమ్మ వారం రోజులు ఆ చానల్ పెట్టనివ్వలేదు.

పాత_రేడియో (విజయవాడ), 3:05

ఘాటు గారూ, మీది గుంటూరు కదా, పద్యనాటకాలు చూసే ఉంటారు. మా చిన్నప్పుడు తిరనాళ్లకి కురుక్షేత్రం ఆడించేవారు. వాల్‌పోస్టరు మీదే వేసేవారు: ఒకటో కృష్ణుడు ఫలానా, రెండో కృష్ణుడు ఫలానా, మూడో కృష్ణుడు ఫలానా అని. పడక సీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన, యుద్ధానికి మరొకాయన. తెల్లవార్లూ నాటకం మరి, ఒక్కడి గొంతు అంతసేపు నిలవదు. చాపలు పరుచుకుని కూచున్న జనంలో ఒక్కరు కూడా "ఇందాకటి కృష్ణుడేడీ" అని అడిగింది లేదు. పద్యం ఎవరు బాగా ఎత్తారని మాత్రం పొద్దున్నే టీకొట్టు దగ్గర కొట్టుకునేవారు. డాక్టర్ హూ అభిమానులు చేసేదీ అచ్చం అదే.

అక్కడా ముందు వచ్చిపడింది ఒంటి సమస్యే. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్. సీరియల్ మొదలైనప్పుడు 55 ఏళ్లు. మూడేళ్లు తిరక్కుండానే ఆరోగ్యం దెబ్బతింది, డైలాగులు తడబడేవి. 1966 అక్టోబర్ ఆఖర్లో 'ద టెంత్ ప్లానెట్' కథ చివర నేలమీద పడిపోతాడు. ఆ ఒంట్లోంచి ప్యాట్రిక్ ట్రౌటన్ లేస్తాడు. నడుస్తున్న సీరియల్‌ని ఆపడం ఇష్టంలేక ఆ పూటకి కట్టిన వంతెన అది. అరవై ఏళ్లుగా దానిమీదే నడుస్తున్నారు.

గుంటూరుఘాటు, 3:12

ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు! బాగా పట్టారు మాస్టారూ. మా నాన్న ఆ నాటకాల పిచ్చోడే. రాత్రంతా చూసి, నిద్ర లేకుండా పొద్దున్నే పొలానికి పోయేవాడట.

కానీ ఒక్క సందేహం. ఇద్దరు కృష్ణులు ఒకేసారి స్టేజీ ఎక్కరు కదా. ఎక్కితే కాంట్రాక్టరుకి తన్నులే.

పాత_రేడియో, 3:40

ఇక్కడ ఎక్కారు. నీలిపెట్టె చెబుతున్న పండగంటే అదే.

పదో ఏటి సీజన్ 1972 డిసెంబర్ 30న 'ద త్రీ డాక్టర్స్' కథతో మొదలైంది. అప్పటికి మూడో డాక్టర్ జాన్ పెర్ట్వీ నడుస్తున్నాడు. ముగ్గురినీ కలిపి కథ రాసుకున్నారు. హార్ట్‌నెల్ సంతోషంగా సరేనన్నాడు. ఆ తర్వాత ఆయన భార్య ఫోన్ చేసింది: ఆయన ఒంట్లో అస్సలు బాగాలేదు, అంత పని చెయ్యలేరు అని. స్క్రిప్టు తిరగరాశారు. ఆయన్ని విడిగా ఒక చోట కూచోబెట్టి, మాటలు అట్టల మీద పెద్దగా రాసి ఎదురుగా పట్టుకుంటే చూసి చదివాడు. కథలో మాత్రం కాలపు సుడిలో ఎక్కడో చిక్కుకుపోయాడని చెప్పించి, టార్డిస్ గోడకున్న తెరమీద చూపించారు. మిగతా ఇద్దరూ కింద నిలబడి తలెత్తి చూస్తుంటారు.

ఆ సీను ఒకసారి నిదానంగా చూడండి. మనిషి బాగా చిక్కిపోయాడు. చూపు ఎదుటివాళ్ల మీద కాకుండా అక్షరాల వెంట పోతున్నట్టు నాకనిపిస్తుంది. అయినా తన తర్వాత వచ్చిన ఇద్దర్నీ ఎగాదిగా చూసి, నా బదులు దొరికింది వీళ్లా, ఒకడు సోకులరాయుడు, ఒకడు విదూషకుడు అన్నట్టు ఒక మాట విసురుతాడు. అందులో పాత పొగరు వీసమెత్తు తగ్గలేదు. ఆయన చేసిన ఆఖరి పాత్ర అదే. 1975 ఏప్రిల్‌లో పోయాడు.

నన్నడిగితే అన్ని పండగల్లోకీ అదే పండగ. కథ నాసిరకం, విలన్ ఊరికే అరుస్తుంటాడు, జెల్లీలాంటి రాక్షసులు నవ్వు తెప్పిస్తాయి. అయినా సరే.

కార్డిఫ్‌కోడలు, 3:58

నమస్తే అందరికీ. ఇక్కడ పొద్దున్న పదిన్నర, చలి, వాన. మాది తెనాలి, పదేళ్లుగా కార్డిఫ్‌లో ఉంటున్నా. 2005 తర్వాత సీరియల్‌లో చాలాభాగం తీసింది ఈ చుట్టుపక్కలే.

పండగల కంటే నాకు ఆ మొదటి రోజే ఇష్టం. అంత అచ్చిరాని ముహూర్తం ఇంకోటి ఉండదేమో! ముందురోజు సాయంత్రమే అమెరికాలో కెనెడీని కాల్చి చంపారు. ఊరంతా రేడియోలకీ వార్తలకీ అతుక్కుపోయింది. ఎపిసోడ్ అనుకున్న సమయానికి నిమిషం పైచిలుకు ఆలస్యంగా మొదలైంది. కొన్నిచోట్ల కరెంటు పోయింది. చూసినవాళ్లు 44 లక్షలు. వారం తర్వాత రెండో ఎపిసోడ్‌కి ముందు మొదటిదే మళ్లీ వేస్తే, ఈసారి 60 లక్షల మంది చూశారు.

దాన్ని తీసిన దర్శకుడు వారిస్ హుస్సేన్. లక్నోలో పుట్టాడు. వాళ్లమ్మ అతియా హుస్సేన్, పేరున్న రచయిత్రి. అప్పటికి అతనికి 24 ఏళ్లు. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కి 27. బీబీసీ డ్రామా విభాగంలో అప్పట్లో ఆవిడొక్కతే మహిళా నిర్మాత. చేతికిచ్చింది లైమ్ గ్రోవ్‌లో ఒక పాత ఇరుకు స్టూడియో. మొదటిసారి తీసింది పై ఆఫీసరు సిడ్నీ న్యూమన్‌కి నచ్చలేదు, మళ్లీ తియ్యమన్నాడు. రెండోసారి తీసిందే ప్రసారమైంది. ఒక లక్నో కుర్రాడూ ఒక ఇరవయ్యేడేళ్ల అమ్మాయీ ఆ రోజు చేతులెత్తేసి ఉంటే మనకీ థ్రెడ్ ఉండేది కాదు.

2013లో ఈ కథనే బీబీసీ టీవీ సినిమాగా తీసింది, 'యాన్ అడ్వెంచర్ ఇన్ స్పేస్ అండ్ టైమ్' అని. అందులో వారిస్‌గా వేసిన సాచా ధవన్, 2020లో అసలు సీరియల్‌కే వచ్చి డాక్టర్ బద్ధశత్రువు మాస్టర్ అయ్యాడు. హార్ట్‌నెల్‌గా వేసిన డేవిడ్ బ్రాడ్లీ 2017లో ఏకంగా మొదటి డాక్టర్‌గానే కనిపించాడు. వెరిటీ లాంబర్ట్ ఆ సినిమా దాకా లేదు. 2007లో పోయింది, నవంబర్ 22న. తెల్లవారితే సీరియల్ పుట్టినరోజు.

స్క్రూడ్రైవర్_శ్రీను (బెంగళూరు), 4:20

రానివాళ్ల లిస్టు అన్నారు కాబట్టి నేరుగా టామ్ బేకర్ దగ్గరికి వస్తా. 1983, ఇరవయ్యో ఏడు, 'ద ఫైవ్ డాక్టర్స్'. ఐదుగురు అని పేరు పెట్టుకున్నారు. హార్ట్‌నెల్ లేడు, కాబట్టి రిచర్డ్ హర్న్‌డాల్ అనే పెద్దాయన ఆ పాత్ర వేశాడు. పాపం, ఆయన కూడా కొన్ని నెలలకే పోయాడు. ట్రౌటన్ వచ్చాడు, పెర్ట్వీ వచ్చాడు, అప్పటి డాక్టర్ పీటర్ డేవిసన్ ఎలాగూ ఉన్నాడు. అందరికంటే పాపులర్ అయిన టామ్ బేకర్ మాత్రం రానన్నాడు. 1979లో సమ్మె వల్ల సగంలో ఆగిపోయిన 'షాడా' అనే కథలోంచి ముక్కలు తీసి అతికించారు. కేంబ్రిడ్జి నదిలో పడవ మీద పోతుంటాడు, కాలపు సుడిలో ఇరుక్కున్నాడంటారు. ఇంకేముంది, పని అయిపోయింది!

ఫొటోలు తియ్యాల్సిన రోజున మేడమ్ టుస్సాడ్స్ నుంచి ఆయన మైనపు బొమ్మ తెచ్చి మధ్యలో నిలబెట్టారు. ఆ ఫొటో చూడండి. అందరూ నవ్వుతుంటారు, ఆయన మాత్రం ఎటో చూస్తూ బిగుసుకుపోయి ఉంటాడు. ఏడేళ్లు నిన్ను నెత్తిన పెట్టుకున్న జనం కోసం రెండు రోజులు రాలేవా? నాకు ఇప్పటికీ మంటే.

మైథిలి_వైజాగ్, 4:41

శ్రీనూ, ఏడేళ్లు అన్నది నువ్వే కదా. 1974 నుంచి 1981 దాకా. టీవీలో అంతకాలం డాక్టర్‌గా నిలిచినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు. వదిలి రెండేళ్లు కాలేదు, మళ్లీ వచ్చి నలుగురిలో ఒకడిగా నిలబడమంటే ఎవరికైనా మనసొప్పుతుందా? పుట్టింటికి వెళ్లాక అన్నదమ్ములతో గది పంచుకోమన్నట్టు ఉంటుంది. తర్వాత ఆయనే చెప్పుకున్నాడు, వెళ్లుంటే బాగుండేదని.

ఆ పాత్ర ఆయనకి ఎలా వచ్చిందో తెలుసా? అప్పటికి చేతిలో వేషాల్లేక భవనాలు కట్టేచోట కూలిపని చేస్తున్నాడు. అంతకుముందు కుర్రతనంలో కొన్నేళ్లు క్రైస్తవ మఠంలో సన్యాసిగా ఉన్నాడు. ఇక ఆ మఫ్లరు కథ. డిజైనర్ రకరకాల రంగుల ఊలు ఉండలు తీసుకెళ్లి, బెగోనియా పోప్ అనే ఆవిడకి అల్లమని ఇచ్చాడు. ఎంత పొడుగో చెప్పలేదు. ఆవిడ ఇచ్చిన ఊలంతా అల్లేసింది! నేలమీద ఈడ్చుకుంటూ తిరిగే ఆ మఫ్లరే డాక్టర్ గుర్తయిపోయింది. మా అమ్మమ్మ కూడా ఇలాగే. బంతి అయిపోయేదాకా ఆపేది కాదు, స్వెట్టర్ చేతులు మోకాళ్లదాకా వచ్చేవి.

ఇంకో సంగతి. నువ్వు చెప్పిన ఆ పడవలో పక్కనున్నది లాలా వార్డ్. ఇద్దరూ 1980 డిసెంబర్‌లో పెళ్లి చేసుకున్నారు, 1982లో విడిపోయారు. 1983లో పండగ పేరుతో ఊరంతా చూసింది ఆ ఇద్దరూ నవ్వుతూ పడవెక్కిన సీను. రాలేదని తిట్టేముందు అది కూడా ఒకసారి ఆలోచించు.

స్క్రూడ్రైవర్_శ్రీను, 4:44

లాలా వార్డ్ సంగతి నాకు తట్టలేదక్కా. సగం మంట తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది.

కార్డిఫ్‌కోడలు, 4:52

ఫైవ్ డాక్టర్స్ మొదలయ్యేది దేనితోనో గమనించారా? పాత హార్ట్‌నెల్ క్లిప్‌తో. 1964లో మనవరాలు సూజన్‌ని భూమ్మీద వదిలి వెళ్తూ, ఒకరోజు తిరిగొస్తానని మాటిచ్చే సీను. పోయి ఎనిమిదేళ్లైన మనిషి పండక్కి అందరికంటే ముందొచ్చాడు, బతికున్నాయన రాలేదు.

సూజన్‌గా వేసిన కరోల్ ఆన్ ఫోర్డ్ ఈ సంవత్సరం మే నెలలో 84 ఏళ్ల వయసులో మళ్లీ కనిపించింది. కాసేపే, అది కూడా డాక్టర్ మనసులో మెదిలినట్టు. నేను సోఫాలోంచి లేచి అరిచాను, మా ఆయన పాలు పొంగాయనుకుని వంటింట్లోకి పరిగెత్తాడు.

గుంటూరుఘాటు, 5:03

మీరు ఇలా చెప్తుంటే ఇది సైన్స్ ఫిక్షన్ సీరియల్‌లా లేదు, పెళ్లిలో ఎవరు అలిగారో చెప్పుకుంటున్నట్టుంది. ఇంకా ఎవరెవరు అలిగారు?

నీలిపెట్టె, 5:20

అలక కాదు కానీ అవమానం ఉంది. ఆరో డాక్టర్ కోలిన్ బేకర్ (టామ్ బేకర్‌కి చుట్టం కాదు). 1986లో బీబీసీ తీసేసింది. తీసేసి, వచ్చే సీజన్ మొదటి కథ చివర ఒళ్లు మారే సీను చేసి వెళ్లమన్నారు. ఆయన కుదరదన్నాడు. దాంతో 1987లో ఏడో డాక్టర్ సిల్వెస్టర్ మెకాయ్‌కే కోలిన్ బేకర్ కోటు తొడిగి, ఉంగరాల జుట్టు విగ్గు పెట్టి, బోర్లా పడుకోబెట్టారు. వెల్లకిలా తిప్పగానే మొహం మారిపోయింది. అదీ ఆయనకి జరిగిన వీడ్కోలు.

పాతికేళ్ల పండగ 1988లో, 'సిల్వర్ నెమెసిస్'. పాతికంటే వెండి కాబట్టి కథ నిండా వెండి. చూసి మర్చిపోవచ్చు.

ముప్ఫయ్యో ఏడు 1993 నాటికి సీరియలే లేదు. 'చిల్డ్రన్ ఇన్ నీడ్' అనే విరాళాల కార్యక్రమం కోసం 'ఈస్ట్ఎండర్స్' సీరియల్ వాళ్ల వీధిలోకి డాక్టర్లని దింపి, త్రీడీలో రెండు చిన్న ముక్కలు తీశారు. ఒక కంటికి నల్ల అద్దమున్న కళ్లజోడు పెట్టుకుని చూడాలి. ఆ పద్ధతిలో బొమ్మ కదులుతుంటేనే లోతు కనిపిస్తుంది కాబట్టి కెమెరా ఆగకుండా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. చూస్తే రంగులరాట్నం ఎక్కి దిగినట్టుంటుంది. తమాషా ఏంటంటే, దీనికి టామ్ బేకర్ వచ్చాడు!

మైథిలి_వైజాగ్, 5:31

నలభయ్యో ఏడు కూడా చెప్పు. 2003, ఇంటర్నెట్‌లో కార్టూన్, రిచర్డ్ ఇ గ్రాంట్ గొంతు. అదే సమయంలో పక్క స్టూడియోలో ఒక కుర్ర నటుడు ఏదో రేడియో నాటకం రికార్డింగ్‌కి వచ్చాడు. ఇక్కడ డాక్టర్ హూ జరుగుతోందని తెలిసి, నాకూ ఒక చిన్న ముక్క ఇవ్వండి అని బతిమాలుకుని వాచ్‌మన్ లాంటి పాత్రకి గొంతిచ్చాడు. పేరు డేవిడ్ టెన్నంట్. రెండేళ్లకి పదో డాక్టర్ అతనే. అక్కడితో ఆగలేదు, 2011లో ఐదో డాక్టర్ పీటర్ డేవిసన్ కూతురు జార్జియాని పెళ్లి చేసుకున్నాడు. ఆ అమ్మాయి 2008లో ఇదే సీరియల్‌లో డాక్టర్ కూతురిగా నటించింది. అంటే ఒక డాక్టర్ కూతురు, ఇంకో డాక్టర్‌కి తెరమీద కూతురు, ఇంట్లో భార్య. ఈ వరస కలపడం మన మేనరికాల వాళ్లకి కూడా కష్టమే.

పాత_రేడియో, 6:10

యాభయ్యో ఏడు గురించి నీలిపెట్టె రాస్తాడని తెలుసు. దానికి ముందు ఒక్క మాట.

పాత రోజుల్లో వీడియో టేపులు ఖరీదు. మళ్లీ వాడుకోవచ్చని బీబీసీ వాళ్లు హార్ట్‌నెల్, ట్రౌటన్ ఎపిసోడ్లు చెరిపేశారు. విదేశాలకి అమ్మిన ఫిల్ము కాపీలు అక్కడొకటి ఇక్కడొకటి దొరుకుతూ వచ్చాయి. 2013 అక్టోబర్‌లో, సరిగ్గా పండక్కి నెలముందు, నైజీరియాలోని జోస్ అనే ఊళ్లో ఒక టీవీ స్టేషన్ గదిలో ట్రౌటన్ ఎపిసోడ్లు తొమ్మిది బయటపడ్డాయని ప్రకటించారు. దాంతో దొరకనివి 106 నుంచి 97కి తగ్గాయి.

నాకు ముచ్చటేసేది ఇంకోటి. దొరకని వాటిలో ప్రతి ఎపిసోడ్‌కీ శబ్దం మాత్రం ఉంది. ఎలాగంటే, ఆనాటి పిల్లలు ఇంట్లో టేప్‌రికార్డర్ మైకు టీవీ ముందు పెట్టి రికార్డు చేసుకున్నారు. మేం రేడియోలో పాటలు అలాగే పట్టుకునేవాళ్లం, మధ్యలో కుక్కర్ కూత, అమ్మ కేక. ప్రసారం చేసినవాళ్లు పోగొట్టారు, విన్నవాళ్లు దాచారు.

నీలిపెట్టె, 6:48

మాస్టారు చెప్పాక నాది చిన్నదైపోయింది, అయినా చెప్తా.

2013 నవంబర్ 23. 'ద డే ఆఫ్ ద డాక్టర్' ఒకేసారి 94 దేశాల్లో. గిన్నిస్ రికార్డు కూడా ఇచ్చారు. అక్కడ రాత్రి 7:50, మనకి అర్ధరాత్రి దాటి 1:20. నేను అప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడు, హాస్టల్. సోమవారం ఇంటర్నల్స్. నలుగురం ఒక్క లాప్‌టాప్ ముందు, దుప్పటి కప్పుకుని, ఎలా చూశామని మాత్రం అడగకండి. సరిగ్గా ముగ్గురు డాక్టర్లు జైలుగదిలో మాట్లాడుకుంటుంటే నెట్ పోయింది. ఇరవై నిమిషాలు నలుగురం ఆ గుండ్రటి చుక్క తిరగడం చూస్తూ కూచున్నాం.

అందులో తొమ్మిదో డాక్టర్ క్రిస్టఫర్ ఎకిల్‌స్టన్ లేడు. 2005లో సీరియల్‌ని మళ్లీ నిలబెట్టి, 13 ఎపిసోడ్లకే వెళ్లిపోయిన మనిషి. పిలిచారు, రానన్నాడు. ఆయన కోసం ఉంచిన ఖాళీలో అప్పటి ప్రధాన రచయిత స్టీవెన్ మొఫాట్ ఎవరికీ తెలియని ఒక డాక్టర్‌ని సృష్టించి జాన్ హర్ట్‌ని పెట్టాడు. యుద్ధంలో చెయ్యకూడని పని చేసి, డాక్టర్ అనే పేరునే వదిలేసుకున్న ముసలివాడు. ఎకిల్‌స్టన్ వచ్చి ఉంటే జాన్ హర్ట్ ఉండేవాడు కాదు. ఎవరు మంచి చేశారో నాకిప్పటికీ తేలలేదు.

నెట్ వచ్చేసరికి చివరికొచ్చింది. మ్యాట్ స్మిత్ ఒక్కడే నేషనల్ గ్యాలరీలో బొమ్మ ముందు కూచుని ఉంటాడు. ఇక్కడి క్యూరేటర్ ఎవరో ముసలాయన వెతుకుతున్నాడని చెబితే, నేనూ క్యూరేటర్‌గా ఉంటే బాగుండు అని తనలో తను అనుకుంటాడు. వెనకనుంచి ఒక గొంతు. లోతుగా, గుహలోంచి వచ్చినట్టు. మొహం కనిపించకముందే తెలిసిపోయింది. 79 ఏళ్ల టామ్ బేకర్, చేతికర్ర పట్టుకుని. ముప్ఫై ఏళ్ల కిందట మైనపు బొమ్మని పంపిన మనిషి.

మా రూమ్మేట్‌కి పాత సీరియల్ గురించి ఏమీ తెలియదు. "ఎవర్రా ఈయన, ఎందుకేడుస్తున్నావ్" అన్నాడు. ఆ రాత్రి చెప్పడం మొదలుపెట్టాను, తెల్లారిపోయింది. ఇంటర్నల్స్‌లో ఏమైందో మీరే ఊహించుకోండి.

స్క్రూడ్రైవర్_శ్రీను, 6:55

మిగతా సగం మంట కూడా తగ్గింది. సరేనా మైథిలక్కా?

మైథిలి_వైజాగ్, 6:56

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

కార్డిఫ్‌కోడలు, 7:15

ఆ స్పెషల్ టైటిల్స్‌లోనే డీలియా డెర్బీషైర్ పేరు మొదటిసారి వేశారు. 1963లో ఆ 'ఊ ఈ ఊ' సంగీతాన్ని, ఎలక్ట్రానిక్ వాద్యాలు సరిగా లేని రోజుల్లో, టేపు ముక్కలు కోసి అతికించి తయారుచేసింది ఆవిడే. ట్యూన్ కట్టింది రాన్ గ్రైనర్. పేరు పడటానికి యాభై ఏళ్లు పట్టింది, 2001లోనే పోయింది.

ఇక్కడ 2017 దాకా డాక్టర్ హూ మ్యూజియం ఉండేది, సముద్రం ఒడ్డున. మా మామగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. విశ్వాన్ని గడగడలాడించే డాలెక్ అనే శత్రువు ముందు నిలబెట్టి, దాని కథంతా చెప్పాను. ఆయన దగ్గరికెళ్లి, వంగి, దాని చెయ్యి చూసి, "అమ్మాయ్, ఇది సింకు జామ్ అయితే పొడిచే రబ్బరు కప్పు కదూ" అన్నారు. నిజమే, ప్లంజరే. పక్కన నిలబడ్డ తెల్ల పిల్లాడు ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండానే నవ్వేశాడు.

పాత_రేడియో, 7:40

రావడం గురించే కాబట్టి, విలియం రసెల్‌ని మర్చిపోకూడదు. 1963లో మొదటి ఎపిసోడ్‌లో స్కూలు మాస్టారు ఇయాన్‌గా వేసినాయన. 1965 జూన్‌లో వెళ్లిపోయాడు. 2022 అక్టోబర్‌లో, బీబీసీకి నూరేళ్లు నిండిన సందర్భంగా, మళ్లీ అదే పాత్రలో కూచున్నాడు. 57 ఏళ్ల విరామం, అది కూడా రికార్డే. డాక్టర్‌తో తిరిగొచ్చిన పాతవాళ్లంతా కుర్చీలు వేసుకుని కష్టసుఖాలు చెప్పుకునే చోట, ఎవరో డాక్టర్‌ని ఆడమనిషిగా ప్రస్తావిస్తారు. ఆయన అయోమయంగా, ఏంటి, ఆమె అన్నారా, అని ఆపుతాడు. పాపం, ఆయనకి తెలిసింది హార్ట్‌నెల్ ఒక్కడే, అప్పటికి డాక్టర్ జోడీ విట్టకర్. 2024 జూన్‌లో పోయాడు, 99 ఏళ్లకి.

మైథిలి_వైజాగ్, 7:58

అరవయ్యో ఏటి పండగలో, 2023లో, టెన్నంట్ తిరిగొచ్చాడు, అతని పక్కన తిరిగే డోనాగా వేసిన క్యాథరీన్ టేట్ తిరిగొచ్చింది, రెండూ బాగున్నాయి. కానీ నాకు మిగిలింది 'వైల్డ్ బ్లూ యాండర్' ఆఖరి నిమిషం. బెర్నార్డ్ క్రిబిన్స్, డోనా తాతయ్య విల్ఫ్‌గా, వీల్‌చైర్‌లో. టెన్నంట్ పరిగెత్తుకెళ్లి కావలించుకుంటాడు. ఇంకొన్ని సీన్లు అనుకున్నారు, ఆయన ఆరోగ్యం సహకరించలేదు. ఆ ఒక్కటే తీయగలిగారు. 2022 జూలైలో 93 ఏళ్లకి వెళ్లిపోయాడు, ఎపిసోడ్ వచ్చింది మరుసటి ఏడు డిసెంబర్‌లో. 1966లో డాలెక్ సినిమాలో కుర్ర పోలీసుగా వేసినవాడు!

మాస్టారు చెప్పిన హార్ట్‌నెల్ సీను, ఇదీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే అనిపిస్తుంది. ఇద్దరూ కూచునే ఉంటారు. మిగతావాళ్లే వాళ్ల దగ్గరికి వస్తారు.

స్క్రూడ్రైవర్_శ్రీను, 8:10

మనవాళ్ల సంగతి కూడా ఒక ముక్క. 2018లో 'డీమన్స్ ఆఫ్ ద పంజాబ్', దేశవిభజన కథ, రాసింది వినయ్ పటేల్. చివర టైటిల్ మ్యూజిక్‌ని మన బాణీలో పాడించారు. ఈ ఏడాది డాక్టర్ పక్కన తిరిగిన బెలిండా చంద్ర పాత్ర వేసిన వరద సేతు కేరళలో పుట్టిన అమ్మాయి. 2012లో ఒక ఎపిసోడ్‌లో 2367వ సంవత్సరపు ఇండియన్ స్పేస్ ఏజెన్సీ ఉంది, భూమి మీదికొచ్చే ఓడ మీద మిసైళ్లు వేస్తామంటుంది. శ్రీహరికోట పేరు ఎత్తలేదు, అదొక్కటే లోటు.

నీలిపెట్టె, 8:25

ఇప్పటి పరిస్థితి అడిగినవాళ్లకి: 2025 మే 31న పదిహేనో డాక్టర్ షూటి గాట్వా వెళ్లిపోయాడు, ఆ ఒంట్లోంచి బిల్లీ పైపర్ (2005లో డాక్టర్ పక్కన తిరిగిన రోజ్‌గా వేసినావిడ) మొహం వచ్చింది. టైటిల్స్‌లో ఆవిడ పేరు వేశారు కానీ 'డాక్టర్‌గా' అని వెయ్యలేదు. కిందటి నెల డిస్నీతో ఒప్పందం అయిపోయిందని ప్రకటించారు, 2026 క్రిస్మస్‌కి ప్రధాన రచయిత రసెల్ టి డేవిస్ ఒక స్పెషల్ రాస్తాడన్నారు. ఇది వేరే థ్రెడ్‌లో కొట్టుకుందాం.

గుంటూరుఘాటు, రాత్రి 10:52

మీ అందరి పుణ్యమా అని ఈ రాత్రి త్రీ డాక్టర్స్ పట్టుకుని కూచున్నా. మాస్టారు చెప్పింది నిజం, కథ నాసిరకమే. ఆ జెల్లీ రాక్షసులు మా ఇంట్లో బీన్‌బ్యాగుల్లా ఉన్నాయి.

నాన్న పక్క గదిలో పడుకున్నాడు. 78 ఏళ్లు, నిద్ర పట్టదు. నవ్వు విని వచ్చి కుర్చీ లాక్కుని కూచున్నాడు. ఇంగ్లీషు ముక్క రాదు. ఎవరెవరో నేను చెప్పాను: పొట్టాయన రెండో కృష్ణుడు, తెల్లజుట్టు పొడుగాయన మూడో కృష్ణుడు. "ఊఁ" అన్నాడు. వాళ్లిద్దరూ పోట్లాడుకుంటుంటే నవ్వాడు కూడా.

అప్పుడు గోడమీద తెర వెలిగింది, హార్ట్‌నెల్ కనిపించాడు. నేనేమీ చెప్పలేదు. నాన్న కాసేపు ముందుకి వంగి చూసి, "ఈయనకి ఎవరో పక్కనుంచి అందిస్తున్నార్రా" అన్నాడు. ఎలా తెలిసిందంటే, మా ఊరి నాటకాల్లో ఆఖరి రోజుల్లో పెద్దాయనకి తెర చాటునుంచి పద్యం అందించేది తనేనట. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు.